తడబాట్ల లెక్క

గుణుపురంలో ఆదివారం సాయంత్రం అయిదున్నరకి
బెహరా వారి సిమెంటు కొట్టు మేడమీద
పదిహేడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చెక్కబల్ల,
చీటీలు నింపిన హార్లిక్స్ సీసా.
చెయ్యి పెట్టి తీసిన చీటీ మీద రెండు నిమిషాలు మాట్లాడాలి.
కిందటి వారం దర్జీ నీలవేణికి "నిమ్మకాయ" వచ్చింది.
నిమ్మకాయ గురించి మొదలుపెట్టి
అత్తగారి దగ్గర ఆగింది.
పూర్ణచంద్ర పాత్రో గారు టైము చూస్తారు:
పచ్చ అట్టముక్క, పసుపు, ఎరుపు,
పాత శుభలేఖల వెనకవైపు రంగేసినవి.
ఎరుపు లేస్తే వాక్యం ఎక్కడుంటే అక్కడే దింపెయ్యాలి,
బస్సు మీంచి మూట దింపినట్టు.

నా పని తడబాట్లు లెక్కపెట్టడం.
పగలంతా జీడిపిక్కల గోదాంలో
బస్తాలకి గీతలు గీసే చెయ్యే ఇది,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
"అదీ" ఒక గీత. "మరీ" ఒక గీత.
ఒడియాలో మాట్లాడేవాళ్ల "మానే"కీ అదే గీత.
గొంతు సవరించడం, నీళ్లు నమలడం,
మైకు లేకపోయినా హలో అనడం,
దేన్నీ వదలను.
తాపీమేస్త్రి దాలినాయుడు మొదటి రోజు నలభై మూడు.
ఇప్పుడు తొమ్మిదికి దిగాడు గానీ
ఆ నలభై మూడులోనే బాగుండేవాడని నాకో అనుమానం.
ఎవరికీ చెప్పలేదు.

పోటీ నాడు వాన.
వంశధార ఎర్రగా పారుతోందని కింద ఎవరో అనుకుంటున్నారు.
విషయం: నేను దాటిన రాత్రి. ఏడు నిమిషాలు.
బ్యాంకు గుమస్తా ఉగ్రసేన్ సాహు
గుప్పెడు సామెతలు పోపులా చిటపటలాడించి కూర్చున్నాడు.
గీతలు రెండే.

తరవాత ఝుమురి రయితా,
పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు.
ఇంట్లో సవర, ఆస్పత్రిలో ఒడియా, సంతలో తెలుగు.
పోటీకి తెలుగే ఎంచుకుంది.
ఏటమ్మా అంటే,
"ఇందులో నేనింకా ఎవరితోనూ దెబ్బలాడలేదండీ" అంది.

కొండమీది ఊరు, ఆరిపోయే టార్చి, మోకాలిలోతు బురద,
అడ్డం తిరిగిన దూడ.
మోచేతిదాకా చెయ్యి పెట్టి లాగాను, అంది.
దూడ వచ్చింది, ఊపిరి రాలేదు.
ఆవు దాన్ని నాకుతోంది.
నాకుతూనే ఉంది.
అప్పుడు ఆవు
అని
ఆగింది.

పచ్చ లేచింది.
బెదిరిపోయిందనుకున్నాం.
"అరిచింది" అని వెనకనించి దాలినాయుడు అందించాడు.
కాదంది, తలతోనే.
"కాందిలా" అన్నారు పాత్రో గారు,
టైము చూసేవాడు నోరు మెదపకూడదన్న సంగతి మరిచి.
అదీ కాదు.
మూలిగింది, పిలిచింది, అంబా అంది,
సంతలో చెప్పుల జతలు చూపించినట్టు
ఒక్కొక్కటీ ఆమె ముందు పెడుతున్నాం.
ఏదీ కాలికి పట్టడం లేదు.
స్టేషనులో బండి కూత వేసింది, ఆగింది, మళ్లీ వేసింది.
పసుపు లేచింది.
నా పెన్ను కాగితానికి గోరంత ఎత్తులో.
అదీ అనలేదు, మరీ అనలేదు,
ఊఁ అనైనా అనలేదు.
దీనికి నా దగ్గర గడి లేదు.

ఎరుపు లేచాక చెప్పింది, సవరలో, ఒకే మాట.
నా చెవికి అందింది, చేతికి అందలేదు.
మెట్ల దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు మాత్రం
పళ్లెం నేలమీద పెట్టేశాడు.

కప్పు సాహుకి ఇచ్చారు.
సమయం మించినందుకు రయితా పేరు కొట్టేశారు.
నియమం నియమమే, నేనూ చెయ్యెత్తాను.

ఆఖర్న నా నివేదిక.
లేచి, కాగితం వెలుతురుకి పట్టి చదివాను:
సాహు రెండు. దాలినాయుడు తొమ్మిది. నీలవేణి పదకొండు.
రయితా
అదీ
రయితా, మరీ, అదీ
నా గీతలు నేనే గీసుకోవాలో
ఇంకొకళ్లు గీస్తారో తెలీక
పాత్రో గారికేసి చూశాను.
ఆయన అట్టముక్కలు అప్పటికే
చొక్కా జేబులో పెట్టేసుకున్నారు.